రంగు ఆగని చోటు

ఆ ఉదయం ఆకాశం లేదు. రిజర్వాయరు మీంచి లేచిన మంచు కొండల్ని నడుందాకా మింగి, కోతలైపోయిన మళ్ళ మీదుగా పాక్కుంటూ వచ్చి, రోడ్డు వార ఉన్న రేకుల షెడ్డు ముందు పిలవని చుట్టంలా కూర్చుంది. పైనా తెలుపే, కిందా తెలుపే. మధ్యలో పెర్సిమన్ చెట్టు కొసన, పిట్టలకని కోయకుండా వదిలేసిన పండ్లు మాత్రం, కొమ్మ కనబడకుండా, ఎర్రగా గాల్లో ఆగిపోయినట్టున్నాయి. జొంగ్బే షెడ్డు తలుపు పైకెత్తి వాటివంక చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు కూడా ఇంతే మంచు. ఆ రోజంటే ఏ రోజని ఊళ్ళో ఎవరూ ఎవర్నీ అడగరిప్పుడు. పక్కింటి కొక్సంగ్ పెద్దమ్మను రిజర్వాయరు మలుపులో ఏదో బండి గుద్దేసి ఆగకుండా పోయిన రోజు. ఆమె పట్నం ఆస్పత్రిలో కళ్ళు తెరవకుండా పడి ఉంది. కూతురు మంచం పక్కనే కూర్చుని చెవిలో పేరు పెట్టి పిలుస్తోందట, పలకదట. మలుపులో రెండు స్తంభాల మధ్య పోలీసులు గుడ్డ కట్టారు: చూసినవాళ్ళుంటే చెప్పండి అని. మంచుకి ఆ గుడ్డ తడిసి, అక్షరాలు కిందికి జారుతున్నట్టు కనిపిస్తుంది.

బండి కనబడకముందే చప్పుడొచ్చింది. బెల్టు కీచుమని మూలిగి, సైలెన్సరు రెండుసార్లు దగ్గి, మళ్ళీ బెల్టు. అన్న బండి. పదహారేళ్ళ బండి అది. ఆ చప్పుడుకి ఊళ్ళో కుక్కలు కూడా లేవవు. అన్న పిల్సూ దిగి, జేబుల్లో చేతులు పెట్టుకుని, జొంగ్బే మొహం చూడకుండా బండి ముందువైపు చూపించాడు. "అన్నం తిన్నావట్రా?" "తిన్నా. నువ్వు?" "ఆఁ. ముందు బంపరు మొత్తం రంగెయ్యి. మధ్యాహ్నానికి అయిపోవాలి." జొంగ్బే నవ్వాడు. గీత పడినప్పుడల్లా వేస్తానంటే, ముసలి బండికి ముస్తాబెందుకురా అని పదేళ్ళనించీ తోసేసిన మనిషి. "ఏంటన్నా, బండికి పెళ్ళిచూపులా?" అన్నాడు. అన్న నవ్వలేదు. "జింక అడ్డమొచ్చింది." "ఎక్కడ?" "ఎక్కడైతే ఏంట్రా, నువ్వెళ్ళి దానికి కర్మ చేస్తావా? పట్టుకో తాళం. మధ్యాహ్నం అమ్మని తీసుకొస్తా. అన్నం ఇక్కడికే తెస్తానంది, ముగ్గురం తిందాం." తాళం బల్ల మీద పడేసి, మళ్ళ గట్టుమీదుగా ఇంటివైపు నడిచాడు. నాలుగడుగుల్లో నడుందాకా మాయమయ్యాడు, ఇంకో నాలుగడుగుల్లో మొత్తం.

స్క్రూలు విప్పాడు, క్లిప్పులు ఊడదీశాడు, బంపరును రెండు చేతుల్లో ఎత్తి చెక్కబల్లల మీద బోర్లించాడు. తేలికైన వస్తువు. వంచితే వంగుతుంది, వదిలితే తిరిగి వస్తుంది. ఇనప రేకుకు దెబ్బ తగిలితే తగిలినట్టే ఉంటుంది, సుత్తితో సముదాయించుకోవాలి. ఇది అట్లా కాదు. సలసల కాగే నీళ్ళు పోస్తే సొట్ట తనంతట తనే టక్కుమని బయటికొచ్చేస్తుంది, దెబ్బ తిన్న సంగతే తెలీనట్టు. పైనున్న రంగుకే ఆ సుఖం లేదు. అందుకే ఈ జాతి బంపర్ల మీద వేసే రంగులో వంగడానికి మందు కలపాలి. కలపకపోతే మొదటి చలికే పగిలి సాలెగూడు పడుతుంది. ఈ బంపరు మీద సొట్ట లేదు. సొట్ట ఉన్న చోటు మాత్రం ఉంది. కుడిపక్క లైటు కింద, రంగు చుక్కలా మొదలై అన్నివైపులకీ చీలికలుగా పాకింది. సొట్ట లేకుండా చీలికలెట్లా వస్తాయి? లోపలివైపు తిప్పి చూశాడు. ఎండిపోయిన నీటి మరకలు, వాటిలో ఒకచోట అతుక్కుని పల్చటి తోలొకటి. గోటితో తీసి వెలుగులో పెట్టుకుంటే సోయాగింజ పొట్టు. అమ్మ ఇనప కాగులో గింజలు ఉడకేసిన నీళ్ళు. ప్రతి ఏడూ చలి మొదలవగానే వాకిట్లో పొయ్యి మీద ఆ కాగు ఎక్కుతుంది, గింజలు ఉడికి, దంచి, ఇటికల్లా చేసి పులియడానికి వాసాలకు వేలాడగడతారు, ఆ వాసన ఇల్లంతా పడుతుంది. ఆ కాగులోంచే చెంబుతో ముంచి పోశారు దీని మీద. అన్నకి ఒక మేకు కొట్టడం చేతకాదు. వేడినీళ్ళ కిటుకు ఎప్పుడో సారా తాగుతూ తనే చెప్పాడు, అన్నా బంపరంటే కొయ్యదూలం కాదు, కాస్త వేడి తగిలితే అన్నీ మర్చిపోతుంది అని. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. అది గుర్తుంచుకున్నాడన్నమాట. కాగు దగ్గర అమ్మ ఎప్పుడూ పీట వేసుకుని కూర్చునే ఉంటుంది, మంట ఎగదోస్తూ. అన్న చెంబు ముంచుతుంటే అమ్మ చూసే ఉండాలి. ఎందుకురా అని అడిగి ఉండాలి. అడగలేదేమో.

సబ్బునీళ్ళు పోసి కడిగాడు. ముందు జాలీలో వేలుపెట్టి మూలమూలలా తడిమాడు. జింకలు గుద్దిన బండ్లు ఈ షెడ్డులోకి ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. జింక వెంట్రుక మొండిది, గడ్డిపోచలా బోలుగా ఉండి పుటుక్కున విరుగుతుంది, ప్రతి సందులో దూరుతుంది, ఎంత కడిగినా నెలకొకటి బయటపడుతుంది. వాసన ఒకటి. ఒకసారైతే, ఇక్కడి జింకలకుండే కోర కూడా దొరికింది, చిన్నది, పసుపుపచ్చగా. ఈ జాలీలో ఒక్క వెంట్రుక లేదు. ఎండిన గడ్డి, ఒక మిడత, నల్లటి బురద. అన్న కడిగాడేమో. అన్న బండి కడగడం తను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. వర్షం కడుగుతుందిలేరా అనేవాడు. చేతులు తుడుచుకుని జొంగ్బే టార్చి తీసుకున్నాడు. రంగు పని చేసేవాడికి ఎదురు వెలుగు పనికిరాదు. ఎదురుగా చూస్తే అన్నీ నున్నగానే కనిపిస్తాయి. టార్చిని దాదాపు బంపరుకు ఆనించి, పక్కనుంచి, ఏటవాలుగా వేయాలి. అప్పుడు వేలికి తగలని గుంటకి కూడా నీడ పడుతుంది. అట్లాగే వేశాడు. ఎడమనుంచి మొదలుపెట్టి మెల్లిగా కుడికి. గీత, రాయి దెబ్బ, గీత, కొట్టం గోడ రాసిన మచ్చ. కుడి లైటు కిందికి వచ్చేసరికి టార్చి ఆగింది. తను ఆపలేదు, చెయ్యి ఆగింది.

అరచేయంత మేర రంగు మీద నేత పడి ఉంది. నిలువు పోగు, అడ్డపోగు, సన్నగా, తడి బంకమట్టి మీద గుడ్డ పరిచి లాగేసినట్టు. ఆ నేత మధ్యలోంచి రెండు కుట్టుగీతలు ఏటవాలుగా వచ్చి ఒకదాన్నొకటి కోసుకుని పోయాయి. గళ్ళు. గట్టిగా రాసుకున్నప్పుడు పుట్టే వేడికి ప్లాస్టిక్ ఒక్క రెప్పపాటు మెత్తబడుతుంది, ఆ రెప్పపాటులో మీదున్నదేదో దాని అచ్చు తీసుకుంటుంది. సొట్టయితే వేడినీళ్ళకి లేస్తుంది. అచ్చు లేవదు. టార్చి ఎత్తి ఎదురుగా పట్టుకున్నాడు, అచ్చు లేదు. మళ్ళీ వాల్చాడు, ఉంది. అన్న దీన్ని చూసి ఉండడు. టార్చి వాల్చి చూడటం మాత్రం తను ఎవరికీ చెప్పలేదు. జింక గళ్ళ కుట్టు దూది లాగు తొడుక్కోదు.

ఆ లాగు తనకు తెలుసు. సంత రోజున గుడ్డల వ్యాను దగ్గర కొన్నారు, అమ్మ ఒకటి, పెద్దమ్మ ఒకటి, ఒకే తానులోంచి కత్తిరించినట్టు, ఊదా రంగు, మధ్యలో దూది పెట్టి గళ్ళుగా కుట్టినవి. మోకాళ్ళ చలికి మంచివని వ్యాను కుర్రాడు గొంతు చించుకుంటుంటే ఇద్దరూ లాగుల మీదే లాగులు ఎక్కించుకుని చూసుకున్నారు, అంత నడిరోడ్డు మీద. తనే బండిలో తీసుకెళ్ళాడు ఆవేళ. "అక్కచెల్లెళ్ళా అవ్వా?" అన్నాడు వ్యాను కుర్రాడు. పెద్దమ్మ వెంటనే, "సవతులం నాయనా. మొగుడు పోయాక ఒకటయ్యాం" అంది. వ్యాను చుట్టూ ఉన్న ఆడాళ్ళంతా విరగబడి నవ్వారు. అమ్మ మాత్రం, "నోరా అది, కాలవా? మూతలేని కాలవ" అంటూ పెద్దమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ వీపు. ప్రతి సంతరోజూ పట్నం స్నానాలశాలలో అమ్మ ఆ వీపు తోమేది, ఆమె అమ్మ వీపు తోమేది. తను ఆరేళ్ళవాడప్పుడు వాళ్ళ వెంట ఆడవాళ్ళ వైపుకే వెళ్ళేవాడు. పెద్దమ్మ ఆకుపచ్చ గరుకు గుడ్డ చేతికి తొడుక్కుని తన వీపు రుద్దుతుంటే మట్టి ఉండలుండలుగా రాలేది. "పోసుంగ్, నీ కొడుకు మీద ఒక మడి వరి పండించొచ్చే" అనేది. అమ్మను పుట్టినూరి పేరుతో పోసుంగ్ అని, పెద్దమ్మను ఆమె పుట్టినూరి పేరుతో కొక్సంగ్ అని పిలిచేది ఊరు. ఊళ్ళో ఆ ఇద్దరి అసలు పేర్లు తెలిసినవాళ్ళు ఎవరున్నారు? ఆస్పత్రిలో కూతురు చెవిలో ఏ పేరు పెట్టి పిలుస్తోందో. అమ్మా అని పిలుస్తుంది కాబోలు, పేరెందుకు. ఆ ఆకుపచ్చ గుడ్డ ఆ రోజు మలుపు దగ్గర కాలవలో పడి ఉంది. అందరితోపాటు తనూ చూశాడు, సబ్బుపెట్టె, దువ్వెన, బోర్లాపడిన ప్లాస్టిక్ బుట్ట. బస్సుకోసం పోతున్నట్టుంది పాపం అన్నారు పోలీసులు. అందరూ అవునన్నారు.

బస్సుకా? నీళ్ళబొచ్చెలో గరుకు కాగితం నానబెట్టిన చేత్తో జొంగ్బే అట్లాగే నిలబడ్డాడు. నీళ్ళు వేళ్ళు కొరుకుతున్నాయి. ఆమె సంతరోజున బస్సెక్కింది ఎప్పుడు? తొట్టిలో నీళ్ళు ఎవరూ దిగకముందే దిగాలని, మొదటి నీళ్ళు తమవే కావాలని, కోడి కూయగానే బయల్దేరే ఇద్దరు ముసలమ్మలు. వాళ్ళని తీసుకెళ్ళేది అన్న. అమ్మ ముందు సీట్లో, పెద్దమ్మ మలుపు దగ్గర నిలబడి ఉంటుంది, వెనక సీట్లోకి ఎక్కుతుంది, ఎక్కుతూనే ఏదో ఒకటి అంటుంది. ఏళ్ళ తరబడి అంతే. ఆ రోజు సంత. ఆ సాయంత్రం అన్న వచ్చి, అమ్మకి జలుబు చేసిందిరా, స్నానానికి వెళ్ళలేదు, నేనూ బండి తియ్యలేదు అన్నాడు. అడక్కుండానే అన్నాడు. తనకప్పుడు ఏమీ తోచలేదు, తేనెలో అల్లం కలిపి ఇమ్మన్నాడు. అంతకుముందే కదా పోట్లాట. వాకిట్లో చలికాలానికి కిమ్చి పచ్చడి పెట్టిన రోజు, కొండలా క్యాబేజీలు, రెండిళ్ళకీ కలిపి. పెద్దమ్మ ఉప్పు చల్లుతుంటే అమ్మ, "అక్కా, నువ్వు కిమ్చి పెడుతున్నావా, చేపలు ఎండేస్తున్నావా?" అంది. పెద్దమ్మ తల ఎత్తకుండా, "మీ ఆయన బతికున్నన్నాళ్ళూ నా ఉప్పుకోసమే గోడవతల గిన్నె పట్టుకు నిలబడేవాడు, నీతో చెప్పలేదూ?" అంది. మామూలుగా అయితే నవ్వేవాళ్ళు. ఎందుకో ఆవేళ అమ్మ నవ్వలేదు. ఎర్రకారం నిండిన చేతి తొడుగులు తీసి గంపలోకి విసిరికొట్టింది. "ఇంక నా కారెక్కకు." "నీ కారా? పిల్సూ కారు. ఎక్కించుకోక ఎక్కడికి పోతాడు? ఆ మూలుగు ఎంత మంచులో ఉన్నా గుర్తుపడతాను. రోడ్డు మీదే నిలబడి ఉంటా, చూస్తా ఎట్లా పోతారో."

ఎంత మంచులో ఉన్నా. జొంగ్బేకి చెవుల్లో బెల్టు మూలిగింది. పొద్దున మంచులోంచి ఆ చప్పుడు వచ్చినప్పుడు తనేం చేశాడు? తెలిసిన చప్పుడని, చూడకుండానే, షెడ్డులోంచి రెండడుగులు రోడ్డు మీదికి నడిచాడు. అంతే. ఆమె కూడా అంతే. వేరే బండి అయితే గట్టుకి ఒత్తుకునేది. మంచులో చెయ్యి పైకెత్తి, బుట్ట చంకలో పెట్టుకుని, మూతి ఒకవైపు నవ్వుతో, ఇదిగో వస్తున్నారు అనుకుంటూ ముందుకొచ్చి ఉంటుంది. లోపల అమ్మ. ఆపొద్దురా ఇవాళ అని ఉంటుంది. తను వినలేదు, చూళ్ళేదు, అయినా అమ్మ గొంతు వినబడుతోంది, పెదవి బిగించి అన్నప్పటి గొంతు. ఆపొద్దు, పోనీ, నడిచి రానీ ఈసారి. అన్న ఆపకుండా...

కరెంటు స్తంభం మీద మైకు గరగరమంది. ఊరిపెద్ద ఎప్పట్లాగే ముందు మూడుసార్లు ఊదాడు. "అ, అ. వినబడుతోందా? ఊరి పెద్దలకీ తల్లులకీ మనవి. రిజర్వాయరు మలుపులో ఆ రోజు పొద్దున ఏ బండయినా చూసినవాళ్ళుంటే, చప్పుడైనా విన్నవాళ్ళుంటే, భయపడకుండా నాతో చెప్పండి. ఇంకోటి, టీకాలు వేయించుకోనివాళ్ళు..." మంచులో ఆ గొంతు ఎటునించి వస్తోందో తెలీకుండా కొండకి తగిలి మళ్ళీ వచ్చింది. చప్పుడైనా విన్నవాళ్ళు. ఊరు ఊరంతా విని ఉంటుంది ఆ చప్పుడు. విన్నా విననట్టే ఉంటుంది, రోజూ వినేది కాబట్టి. కోడికూతను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

గరుకు కాగితం తీసి చెక్కకు చుట్టి ఎడమ కొసనుంచి రుద్దడం మొదలుపెట్టాడు. నీళ్ళు పోస్తూ రుద్దాలి, బూడిదరంగు పాలు కారతాయి. చేతికి పని దొరికితే తల కాస్త ఆగుతుందంటారు, ఆగలేదు. గీతలు పోయాయి, రాయి దెబ్బ పోయింది, గోడ మచ్చ పోయింది. ఇంత తేలిక. కుడి లైటు కింద కూడా ఇంతే, నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ, చీలికలూ నేతా అన్నీ పాలై కాలవలో కలుస్తాయి. ప్రైమరు, రంగు, మెరుపు. కొత్త బంపరు. అన్న మధ్యాహ్నం తిని, బండేసుకుని ఇంటికి పోతాడు. మీదినుంచి వంగే మందు కలిపిన రంగు, ఎన్ని చలికాలాలు వచ్చినా పగలదు. చెయ్యి కుడివైపు జరిగింది. చెక్క అచ్చు అంచుకి తగిలింది. ఆగింది. మళ్ళీ ఎడమకి పోయి, అప్పటికే నున్నగా ఉన్నచోటే రుద్దింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది. అన్న చేతులు గుర్తొచ్చాయి, జేబుల్లో పెట్టుకున్న చేతులు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. గడ్డితాళ్ళు పేనే మిషను తినేసింది. నాన్న పోయిన ఏడు అన్న బడి మానేసి ఆ మిషను దగ్గర చేరాడు, నువ్వు పట్నం పోయి రంగుల పని నేర్చుకో, ఇద్దరం ఇక్కడే కుళ్ళిపోతే ఎట్లా అని. ఆస్పత్రి మంచం మీద కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించి, ఎనిమిది చాలురా, ముక్కు చీదుకోడానికి రెండు చాలవా అన్నాడు. ఆ ఎనిమిది వేళ్ళతోనే స్టీరింగు. ఆ మంచులో బ్రేకు కొట్టాడా? కొట్టి ఉంటాడు. ఆగాడా? దిగాడా? దిగి, ఎవరో చూసి, మళ్ళీ ఎక్కాడా? ఆమెకింకా ఊపిరి ఆడుతుండగా చూసి ఎక్కాడా? పాలబండివాడు చూసేదాకా ఆమె ఆ చలిలో కాలవ గట్టున పడి ఉంది. ఊదా లాగు గడ్డకట్టి చెక్కలా ఉందన్నాడు పాలబండివాడు.

అన్న ఒక్క మాట చెప్పేస్తే పోయేదేమో, తనతో ఆ సాయంత్రమే చెప్పేస్తే. ఏం చేసేవాడు తను? తెలీదు. తేనెలో అల్లం కలిపి ఇమ్మన్నాడు.

రంగుడబ్బా మూత తీశాడు. పదహారేళ్ళ కిందటి వెండిబూడిద రంగు, ఇప్పుడు ఎవరూ చెయ్యరు, తనే కలుపుకోవాలి. నల్లచుక్క, నీలం చుక్క, మళ్ళీ వెండి. వంగే మందు కొలిచి పోశాడు. కలిపిన పుల్ల డబ్బాలోనే వదిలేసి చూస్తే, రంగు చిక్కగా ఉండి పుల్ల నిటారుగా నిలబడింది. వెంటనే లాగేశాడు. చిన్నప్పుడు ఒకసారి అన్నం గిన్నెలో చెంచా అట్లా నిలబెట్టి ఆడుకుంటే అమ్మ చెయ్యి పళ్ళూడేట్టు పడింది. "చచ్చినోళ్ళకి పెట్టేప్పుడు గుచ్చుతార్రా చెంచా! ఎవరు పోయారని నిలబెట్టావ్?" ఏడుస్తుంటే పెద్దమ్మ గోడమీంచి తల పెట్టి, "పసివాణ్ణి కొడతావా? చావు చెంచాకి భయపడుతుందంటే నేను ఊరంతా చెంచాలు పాతనూ?" అంది. పుల్ల నేలమీద పడేశాడు. రంగు బొట్లు బొట్లుగా కారి గడ్డకట్టింది.

అప్పుడు కాగితం టేపు తీసుకున్నాడు. ఆలోచించి తీసుకోలేదు. రోజుకి పదిసార్లు తీసే వస్తువు, లైట్ల చుట్టూ, నంబరు పలక చుట్టూ, రంగు పడకూడని చోటల్లా అంటించడానికి. అచ్చు చుట్టూ నాలుగు వైపులా అంటించాడు, గళ్ళ కుట్టు కొసలు కూడా లోపలికొచ్చేట్టు కొంచెం విశాలంగా. మధ్యలో కాగితం ముక్క కప్పాడు. అంచుల్ని బొటనవేలితో గట్టిగా నొక్కాడు, గాలి దూరకుండా. మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. కంప్రెసరు గుర్రుమని లేచింది. స్ప్రే గన్నుతో ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి, చెయ్యి ఒకే ఎత్తున, ఒకే నడకన. ప్రైమరు. ఆరబెట్టాడు. రంగు. దీపాల కింద ఆరబెట్టాడు. మళ్ళీ రంగు, ఆపైన మెరుపు. బంపరు తడి చేపలా తళతళలాడింది. కాగితం తీశాడు. టేపు చర్రుమని ఊడింది. అంత మెరుపు మధ్యలో, కుడి లైటు కింద, మాసిన పాతరంగు నలుచదరంగా మిగిలిపోయింది, తలుపు తీసి ఉంచిన చీకటి గదిలా. జొంగ్బే గన్ను కడిగాడు. చేతులు కడిగాడు. చేతులు మళ్ళీ కడిగాడు. బయట మంచు ఇసుమంత కూడా కదల్లేదు.

చిన్న చక్రాల కీచు వినబడింది. అమ్మ తోపుడు బండి. మోకాళ్ళు పోయినప్పటినుంచీ అది లేనిదే అడుగెయ్యదు. బండి మీద గుడ్డ కప్పిన సిబ్బి, వెనక అన్న చేతిలో పులుసు గిన్నె. అమ్మ వంగి వంగి షెడ్డులోకి వచ్చింది. నాన్న పాత గోధుమరంగు ప్యాంటు మడిచి తొడుక్కుంది. ఇంత చలిలో ఊదా లాగు లేదు ఒంటిమీద.

"అయ్యిందా?" అన్నాడు అన్న, గిన్నె బల్లమీద పెడుతూ. బంపరు దగ్గరికి వచ్చాడు. చూశాడు. "ఇదేంట్రా? ఇక్కడ అంటలేదా?"

"అక్కడ రంగు ఆగదన్నా."

"ఎందుకాగదు? మిగతాదంతా ఆగింది కదా. ఇంకోసారి కొట్టు."

జొంగ్బే టార్చి అందుకుని బంపరుకు ఆనించి వాల్చాడు. వెలుగు మెరుపు మీద జారి, నలుచదరంలోకి దిగి, పోగు పోగునా నీడ లేపింది. అన్న వంగి చూశాడు. ముందు అర్థం కానట్టు చూశాడు, తర్వాత మెడ దగ్గర నరం ఒకటి లేచి నిలబడింది. జేబులోంచి చెయ్యి బయటికొచ్చింది, రెండు వేళ్ళులేని చెయ్యి, ఎక్కడ పెట్టాలో తెలీక గాల్లో ఆగింది. "వేడినీళ్ళకి పోయిందిరా," అన్నాడు. "నేను చూశా, పోయింది."

"సొట్ట పోతుంది. ఇది పోదు."

అమ్మ తోపుడు బండి వదిలేసి బల్ల పట్టుకుని వచ్చింది. ఎవరూ పిలవలేదు. వంగిన నడుంతో ఆమె మొహం సరిగ్గా ఆ ఎత్తుకే వచ్చింది. చూపుడువేలు చాచి, కొత్త రంగు మీద కాదు, ఆ అచ్చు మీద, సంతలో గుడ్డ నాణ్యం చూసినట్టు బొటనవేలితో కలిపి నలుపుతూ తడిమింది. కుట్టుగీతలు కలిసేచోట వేలు ఆగింది.

"చెయ్యెత్తింది," అంది అమ్మ. "నాకు కనపడింది. ఆపమని అనాల్సింది."

"అమ్మా!" అన్నాడు అన్న.

"ఆపొద్దన్నాన్రా నేను. అప్పటికే ఆపొద్దన్నాను."

అన్న కింద కూర్చుండిపోయాడు, టైర్ల దొంతరకి ఆనుకుని. జొంగ్బే టార్చి ఆర్పాడు. అచ్చు మాయమైంది, పాతరంగు నలుచదరం మిగిలింది. షెడ్డు మూల పొయ్యిమీద కెటిలు మూత టకటకమంటోంది. స్తంభం మీద మైకు గరగరమంది. ఊరిపెద్ద ఈసారి ఒక్కసారే ఊదాడు. అ, అ అని కూడా అనలేదు. "కొక్సంగ్ పెద్దావిడ ఇందాకే పోయారు. పట్నం శవాగారంలో ఉంచారు. వెళ్ళేవాళ్ళకి పంచాయితీ ఆఫీసు దగ్గర బండి ఉంటుంది." ఆగాడు. ఇంకేదో చెప్పబోయి, దగ్గి, ఆపేశాడు. మైకు కాసేపు ఊపిరి తీస్తూ ఉండి, టక్కుమంది.

అమ్మ సిబ్బి మీది గుడ్డ తీసింది. ముగ్గురికీ అన్నం పెట్టింది. ఎండుచేపలు, పులుసు, కిమ్చి. వాళ్ళిద్దరూ పోట్లాడిన కిమ్చి. పెద్దమ్మ ఉప్పేసినది. బల్లకి మూడువైపులా మూడు రంగుడబ్బాలు పీటలుగా వేసుకుని కూర్చున్నారు. అన్న చెంచా పట్టుకుని కదలకుండా ఉన్నాడు. అమ్మ మళ్ళీ లేచింది. సిబ్బిలో అడుగున మిగిలిన గిన్నె తీసి, దాని నిండా అన్నం పెట్టి, బల్లకి ఖాళీగా ఉన్న నాలుగోవైపు ఉంచింది. చెంచా తీసుకుని అన్నం మధ్యలో నిటారుగా గుచ్చింది. గుచ్చి, ఆ ప్యాంటు అంచుకి చేతులు తుడుచుకుని, వచ్చి తన చోట కూర్చుంది.

అన్న జేబులోంచి ఫోను తీశాడు. పోలీసుల నంబరు కొట్టి, పిలుపు నొక్కకుండానే, తెర పైకి ఉండేట్టు బల్లమీద, అన్నం గిన్నె పక్కన పెట్టాడు. పొద్దున తను పడేసిన బండి తాళం ఇంకా అక్కడే ఉంది. దాన్ని రెండు వేళ్ళులేని చేత్తో మెల్లిగా జొంగ్బే వైపు జరిపాడు. జొంగ్బే దాన్ని తీసుకుని జేబులో వేసుకోలేదు, వెనక్కి జరపలేదు. అన్న కిమ్చి ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమిలాడు. ఉప్పు సరిపోయింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. అమ్మ చేప ముళ్ళు వేలితో ఏరి, దూరం పోయేవాడికి పెట్టినట్టు, ఆ ముక్కలన్నీ అన్న గిన్నెలోకే వేసింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. బయట మంచులోంచి ఏదో బండి చప్పుడు వచ్చింది, దగ్గరయింది. ఎవరూ తల ఎత్తలేదు. నాలుగో గిన్నె మీద ఆవిరి సన్నగా చెంచా చుట్టూ తిరిగి, పైకి పోయి, ఆగిపోయింది. అమ్మ అన్న గిన్నెలో ఇంకో ముక్క వేసింది.